ఒక్కడే నలుగురు

మా కంపెనీలో అతను ఒక్కడే నలుగురు. ఇది పొగడ్త కాదు, సర్కారు లెక్క.

నితాఖత్ అనే రూలు వచ్చాక సౌదీలో ప్రతి కంపెనీకీ ఒక రంగు పడింది. తగినంతమంది సౌదీలను జీతానికి పెట్టుకుంటే గ్రీన్, తగ్గితే ఎల్లో, మరీ తగ్గితే రెడ్. గ్రీన్‌లో ఉంటే మా ఇకామాలు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్లు, గొడవ లేకుండా రెన్యువల్ అవుతాయి. ఎల్లోలోకి జారితే నాలాగా ఏళ్లకేళ్లు పాతుకుపోయినవాళ్ల ఇకామా అక్కడే ఆగిపోతుంది. ఇకామా లేకపోతే బ్యాంకు లేదు, సిమ్ కార్డు లేదు, రోడ్డు మీద పోలీసు ఆపితే చెప్పుకోవడానికి నోరు లేదు. అయితే ఆ రూళ్లలోనే ఒక వెసులుబాటు ఉంది. వికలాంగుడైన సౌదీని ఒక్కణ్ణి పనిలో పెట్టుకుంటే నలుగురిని పెట్టుకున్నట్టు లెక్క. మా ఆఫీసు సారు ఆ వాక్యం చదివిన రోజు అందరికీ బక్లావా మిఠాయి పంచాడు.

అల్ ఖోబర్‌లో మాది మెయింటెనెన్స్ కంపెనీ. ఏసీలు, పైపులు, తలుపులు, లిఫ్టులు బాగుచేస్తాం. నేను అక్కడ నజ్జార్‌ని, అంటే వడ్రంగిని. జగిత్యాల దగ్గర మా ఊళ్లో నాగళ్లూ బండ్లూ చేసిన ఇంట్లో పుట్టి, పదకొండేళ్లుగా పరాయివాళ్ల తలుపుల కిర్రు మాన్పుతున్నాను. కఫీలు, అంటే మా వీసాల యజమాని, రియాద్‌లో ఉంటాడు కాబట్టి పెత్తనమంతా ఆఫీసు సారుదే. ఆయనది భీమవరం వైపు. దమ్మామ్‌లో సోఫాలు చేసే ఒక కంపెనీవాళ్లు నా పని చూసి ఆరేళ్లుగా రమ్మంటున్నారు. వెళ్లాలంటే మా సారు రిలీజ్ కాగితం ఇవ్వాలి. అడిగినప్పుడల్లా "నువ్వెళ్లిపోతే తలుపులెవరు చూత్తారయ్యా" అని నా వీపు తట్టి పంపేవాడు. వీపు మీద ఆయన వేళ్ల ముద్రలు మిగిలాయి గాని కాగితం మాత్రం రాలేదు.

ఆ బక్లావా పంచిన నెలలోనే అతను చేరాడు. ఇరవై ఆరేళ్ల సౌదీ కుర్రాడు. కారును రెండు చక్రాల మీద నడిపి చూపించబోయి పల్టీ కొట్టాడు. నడుము కింద స్పర్శ లేదు. అలాంటివాడికి కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇవ్వడం మా సారుకే చెల్లింది. ఇంట్లో కూర్చో, నెలకొకసారి వచ్చి సంతకం పెట్టు, జీతం తీసుకో అన్నాడు. ఊళ్లో అందరి లిఫ్టులూ బాగుచేసే మా ఆఫీసులో లిఫ్టు నేను చేరిన నాటి నుంచీ చెడిపోయే ఉంది. అందుకని సంతకం రోజు మేము నలుగురం అతన్ని కుర్చీతో సహా రెండో అంతస్తుకు మోసేవాళ్లం. నేను, నిజామాబాద్ వెల్డరు, ముల్తాన్ నుంచి వచ్చిన పికప్ డ్రైవరు, చిట్టగాంగ్ పెయింటరు. కింద కారు ఆగగానే వెల్డరు కేకేసేవాడు.

"అన్నా, నలుగురచ్చిండ్రు! రా!"

అదేమిటని అతను అడిగాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, చెప్పేశాను. అతను పకపకా నవ్వి, ఆ రోజు టీ తెచ్చిన ఆఫీసు కుర్రాణ్ణి ఆపి, "నేను నలుగురిని, నాలుగు కప్పులు పెట్టు" అన్నాడు. నాలుగూ తాగాడు కూడా. అప్పటి నుంచి మా నోట అతని పేరు నలుగురే.

పని లేకుండా జీతం తీసుకోవడం అతనికి నామోషీగా ఉండేది. నాకూ ఒక టేబులు కావాలి, ఏదో ఒక పని చెప్పండి అని సతాయిస్తే, సారు విసుగెత్తి లేబర్ ఆఫీసు సర్క్యులర్ల కట్ట ఒకటి అతని ముందు పడేశాడు. ఇవి వరసగా పెట్టు అన్నాడు. అతను వరసగా పెట్టడమే కాదు, వెర్రివాడిలా ప్రతి కాగితమూ చదివాడు. మా కంపెనీ మొత్తంలో సారు కాక ఆ కాగితాలు చదివినవాడు అతనొక్కడే.

ఒకరోజు మా వర్క్‌షాపు ముందు అతని కారు ఆగింది. వెనక సీటులో మనిషంత పెట్టె. ప్రమాదం తర్వాత యూరప్‌లో వైద్యానికి వెళ్లినప్పుడు అక్కడ మంచు మీద జారడం నేర్పారట, ఆ బండిని వెంట తెచ్చుకున్నాడు. తొట్టిలాంటి ఒక సీటు, దాని కింద స్ప్రింగు, స్ప్రింగు కింద ఒకే ఒక్క స్కీ పలక. చేతుల్లోకి రెండు పొట్టి కర్రలు, వాటి చివర కూడా చిన్న స్కీ పలకలు. కూర్చుని, నడుముకు బెల్టు బిగించుకుని, ఆ కర్రలతో అటూ ఇటూ ఆనించుకుంటూ కొండ దిగాలి. తొట్టి పగిలింది.

"యా నజ్జార్, దీన్ని బాగుచెయ్యగలవా?" అన్నాడు. అతని అరబ్బీకి, డ్రైవర్ల దగ్గర నేర్చిన హిందీకి నా తెలుగు ఇది.

నేను ఆ వస్తువు చుట్టూ తిరిగి చూశాను. "ఇది నాగలే గదా. మీద కుర్చీ ఏసిండ్రు, గంతే" అన్నాను వెల్డరుతో.

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. నాలుగు నెలల్లో దుబాయ్‌లో, మాల్ లోపల కట్టిన మంచు కొండ మీద, ఎంపిక పరుగు ఉంది. కొండ మీద వరసగా కర్రలు పాతుతారు. వాటిని గేట్లు అంటారు. ఒక్క గేటు కూడా తప్పకుండా వంకర్లు తిరుగుతూ ఎవరు తక్కువ సమయంలో దిగితే వాళ్లను మంచు దేశానికి తీసుకెళ్లి, ఒక సీజనంతా తర్ఫీదు ఇచ్చి, పెద్ద పోటీలో దింపుతారు. ఎంపికైతే ఇక్కడి ఉద్యోగం వదులుకోవాలి. నాకు ఆ మాట అర్థం కావడానికి క్షణం పట్టింది. అతను పోతే మాకు నలుగురు పోయినట్టు. నలుగురు పోతే కంపెనీ ఎల్లో. రజబ్ నెలలో నా ఇకామా గడువు తీరుతుంది.

ఆ సంగతి తెలిసీ పని మొదలుపెట్టాను. ఎందుకంటే చెప్పలేను. పదకొండేళ్లలో ఎవరూ నన్ను కొత్త వస్తువు చెయ్యమని అడగలేదు, విరిగింది అతకమనే అడిగారు. చేతులకు కూడా ఆకలుంటుంది.

పెయింటరు ప్లాస్టర్ కలిపి అతని వీపుకూ పిర్రలకూ అచ్చు తీశాడు. దాని మీద పలచని ప్లైవుడ్ పొరలు పొరలుగా అంటించి కొత్త తొట్టి చేశాను. లోపల స్పాంజి, దాని మీద మెత్తటి రెగ్జిన్. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అతనికి నడుము కింద నొప్పి తెలియదు. లోపల ఒక కుట్టు ముడతపడినా, ఒక స్క్రూ తల వెంట్రుకవాసి పైకి లేచినా అతనికి తెలియకుండానే ఒళ్లు కోసుకుపోయి పుండు పడుతుంది. అలాంటి పుండు మానడానికి నెలలు పడుతుందని అతనే చెప్పాడు. అందుకని అతని తరఫున నా అరచేతికి తెలియాలి. రోజూ కళ్లు మూసుకుని ఆ తొట్టి లోపలంతా తడిమేవాణ్ణి. చూసేవాళ్లకు నేను రెగ్జిన్‌ను ముద్దు చేస్తున్నట్టుండేది.

తర్ఫీదు శుక్రవారాలు. హాఫ్ మూన్ బీచ్ దగ్గర పెద్ద ఇసుక దిబ్బలున్నాయి. ఇసుక రుద్దితే అసలు స్కీ పాడవుతుందని దానికి బదులు కర్రతో ఒక పలక చెక్కి, అడుగున సన్‌మైకా అంటించి, కొవ్వొత్తి రుద్దాను. గేట్లకు కరెంటు పైపులు. వాటికి ఎరుపూ నీలమూ వెయ్యాలని అతను చెప్పాడు. పెయింటరు దగ్గర నీలం లేదు. మిగిలిపోయిన రంగులు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. అలా మా దిబ్బ మీద నితాఖత్ వెలిసింది. ఎడమ తిరగాల్సిన చోట రెడ్, కుడి తిరగాల్సిన చోట గ్రీన్, ఆఖర్న గీత దగ్గర ఎల్లో.

"చివరికి నేను ఎల్లోలోకే దిగాలన్నమాట. మీ సారుకు ఈ దిబ్బ చూపించకండి, గుండె ఆగుతుంది" అన్నాడు.

దిబ్బ దిగడానికి అతనికి పట్టేది పన్నెండు పదమూడు సెకన్లు. తిరిగి ఎక్కించడానికి మాకు పది నిమిషాలు. మొదటి శుక్రవారం నలుగురం భుజాల మీద మోశాం. అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడే ఇసుక. మూడోసారికి వెల్డరు నాలుక బయటపెట్టాడు.

"అన్నా, గీనె సర్కారుకే గాదే, బరువుకు సుత నలుగురే!"

రెండో వారం ముల్తాన్ డ్రైవరు పికప్‌కు తాడు కట్టి, దిబ్బ వెనక నుంచి లాగే ఏర్పాటు చేశాడు. అతను తాడు పట్టుకుని రాజులా పైకి వస్తుంటే మేము వెనక చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లం.

అతని తప్పేమిటో మూడో వారానికి గాని నాకు దొరకలేదు. దగ్గరున్న గేటు వైపే చూసేవాడు. చూసిన చోటికే బండి పోతుంది, పోయి గేటుకు గుద్దుకునేది. మా నాన్న చేసిన నాగలిని చిన్నప్పుడు నేనే పొలాల్లో పరీక్షకు దున్నేవాణ్ణి. దున్నేవాడు ఎద్దు కాళ్లు చూడడు, చాలు చివర చూస్తాడు. కాళ్లు చూస్తే చాలు వంకరపోతుంది. అతని పక్కన ఇసుకలో కూర్చుని ఈ మాటే చెప్పాను. ముందున్న గేటు అయిపోయినట్టే అనుకో, దాని తర్వాతి గేటును చూడు అన్నాను. మలుపులో లోపలి ఎద్దును ఆపి బయటి ఎద్దును తోలినట్టు, లోపలి కర్రను అదిమిపట్టి బయటి భుజాన్ని ముందుకు తొయ్యమన్నాను. అతను జన్మలో ఎద్దును చూసినవాడు కాదు, అయినా శ్రద్ధగా విన్నాడు.

మలుపు ఎప్పుడు మొదలుపెట్టాలో కింది నుంచి కేకేసి చెప్పే పని నాది. అరబ్బీలో కుడి ఎడమలు నాకు తెలుసు, కానీ బండి మీదికి దూసుకొస్తుంటే నోటికి అరబ్బీ ఎక్కడ వస్తుంది? పుట్టుకతో వచ్చిందే వచ్చేది. ఎడమకు దాపట, కుడికి ఎల్పట. కాడికి కట్టిన ఎద్దుల్లో ఏది ఏ వైపుదో చెప్పే మాటలు.

"దాపటా! ... ఎల్పటా! ... దాపటా!"

రెండు శుక్రవారాల్లో అతను ఆ మాటలకు అలవాటుపడ్డాడు. తర్వాత నాతో పాటు తనే అరుస్తూ దిగేవాడు. దిబ్బల మీద బైకులు నడుపుకోవడానికి వచ్చిన సౌదీ కుర్రాళ్లు ఆగి, ఇదేం భాష అని అడిగితే, "మంచు భాష" అని చెప్పాడు.

ఇదంతా సారుకు తెలియకుండా ఉంటుందా? చెప్పింది నేనే. గొప్ప కోసం చెప్పాను, బుద్ధి తక్కువై. ఆయన తలుపు వేసి నన్ను కూర్చోబెట్టాడు. పదకొండేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదలు.

"చూడవయ్యా. ఆడెల్లిపోతే మనం ఎల్లో. రజబ్‌లో నీది, ఇంకో పదకొండు మందిది రెన్యువల్ ఉంది. లెవీలు కట్టలేక ఇప్పటికే చత్తన్నాం. నీ చేతిలో పనే. ఆ సీటు లోపల ఒక్క స్క్రూ కొంచెం పైకి ఉంచెయ్. ఆడికి తెలీను కూడా తెలీదు. చిన్న పుండు. మంచం మీదుంటాడు, సెలెక్షన్ అయిపోద్ది. ఎవరికీ నష్టం లేదు."

నేను "చూస్తా సార్" అని లేచి వచ్చాను. రెండేసి మెట్లు దిగాను. భయంతో కాదు, కోపంతో. నా ఇకామా పోతుందన్న బెంగ నిజం. ఇంటికి పంపే జీతం, ఇంటర్ చదువుతున్న బిడ్డ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కానీ ఆ తొట్టిలో ఏముందో తెలుసుకోవడానికి అతనికున్నది నా అరచెయ్యి ఒక్కటే. దాన్నే అమ్ముకోమంటాడా ఈ మనిషి? మా నాన్న బతికుంటే సారు నెత్తిన బాడిసె పెట్టేవాడు.

ఆ వారమే అతనూ దిబ్బ మీద అడిగాడు. "నేను పోతే నీకు ఇబ్బందని మీ సారు చెప్పాడు. నిజమేనా?"

"నిజమే."

"మరెందుకు నేర్పిస్తున్నావు?"

"నువ్వింకా మూడో గేటు దగ్గర తప్పు చేస్తున్నవ్ గనుక" అన్నాను. అతను ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి, ఊరుకున్నాడు.

దుబాయ్ ప్రయాణం రోజు వచ్చింది. నజ్జార్ ఇకామాకు దుబాయ్ వీసా ఇవ్వరు కాబట్టి నేను వెళ్లేది లేదు. అతని అన్న కారులో తీసుకెళ్తున్నాడు. పొద్దున్నే బండిని వాళ్లింటికి తీసుకెళ్లి, వాకిట్లో చివరిసారి తొట్టి తడిమి చూశాను. అంతా నున్నగా ఉంది. అయినా మనసు ఊరుకోలేదు. సారు కన్ను పడిన వస్తువు అది. మా ఇంట్లో కొత్త బండి గడప దాటితే ఏం చేస్తారో నా చేతులకు తెలుసు. ముందు రోజే ఒక నిమ్మకాయ, ఏడు పచ్చి మిరపకాయలు దారానికి గుచ్చి సంచిలో పెట్టుకున్నాను. ఆ దండ తీసి సీటు కింద స్ప్రింగు వెనక, ఎవరికీ కనబడకుండా కట్టేశాను. ఏ దేశంలో ఉన్నానో అప్పుడు నా బుర్రకు తట్టలేదు. అక్కడ మంత్రతంత్రాలను సిహ్ర్ అంటారు. దారాలు, ముడులు, దాచి కట్టిన మూటలు కనిపిస్తే అది మామూలు నేరం కాదు. జైలుతో పోయేది కూడా కాదు.

సరిగ్గా అప్పుడే సాగనంపే మిషతో సారు పూలగుత్తి పట్టుకుని దిగాడు. స్క్రూ పనిచేసిందో లేదో చూడటానికి వచ్చాడని నాకు తెలుసు. వంగి సీటు కింద చూశాడు. ఆయన కళ్లలో వెలుగు నేను చూశాను.

"ఇదేంటి? ఇదేం కట్టావయ్యా?" అని తెలుగులో గొణిగి, వెంటనే అరబ్బీలోకి మారి, గుండె మీద చెయ్యి వేసుకుని, అతని అమ్మతో చెప్పాడు. "అమ్మా, సిహ్ర్. మీ అబ్బాయి బండికి ఎవరో సిహ్ర్ చేశారు. ప్రయాణం ఆపండి. పోలీసుకు చెప్పాలి."

ఆయన సొంత కారుకు భీమవరంలో ప్రతి శనివారం నిమ్మకాయ మారుస్తారు! ఆ సంగతి నాకు ఆయనే చెప్పాడు. ఆ క్షణంలో ఆయన్ని చంపాలన్నంత కోపం, చచ్చిపోతానేమోనన్నంత భయం, రెండూ ఒకేసారి వచ్చాయి.

అతని అమ్మ ముసుగు సర్దుకుని ముందుకు వచ్చింది. ఆ దండను దూరం నుంచే చూసింది. అన్న ముఖం నల్లబడింది. ఎవరు కట్టారని ఆమె అడిగింది.

"నేనే" అన్నాను.

"ఏమిటిది?"

నోరు నా ప్రమేయం లేకుండా తెరుచుకుంది. "నా టిఫిన్."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "టిఫిన్‌ను దారానికి ఎందుకు గుచ్చావు?"

"చీమలు పట్టకుండా."

"అయితే తిను."

దారం తెంపి తీసుకున్నాను. ముందు నిమ్మకాయ కొరికాను, తొక్కతో సహా. తర్వాత మిరపకాయలు ఒక్కొక్కటీ. అవి రియాద్ బట్హా బజారు నుంచి ఎవరో తెచ్చిన మన నాటు మిరపకాయలు, అమ్మా నాన్నా కనబడే రకం. మూడోదానికి చెవులు మోగాయి. నాలుగోదానికి కన్నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. "చాలా బాగుంటుంది" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. ఐదోది అందుకుంటుంటే అతను కుర్చీలోంచి చెయ్యి చాపి, "ఇలా ఇవ్వు, నాకూ ఆకలిగా ఉంది" అని ఒకటి లాక్కుని కొరికాడు. కొరికి గావుకేక పెట్టాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. లోపలికి వెళ్లి రెండు గ్లాసుల లబన్, అంటే మజ్జిగ, తెచ్చి ఒకటి నాకిచ్చింది. గ్లాసు అందిస్తూ మెల్లగా అంది.

"దిష్టి నిజమే, మేమూ నమ్ముతాం. కానీ దానికి దారం వద్దు, దేవుడి మాట చాలు."

అంటే ఆమెకు మొదటి నుంచీ అర్థమైంది. అయినా ఐదో మిరపకాయ దాకా తినిపించింది! ఆమె కొడుకు తల మీద చెయ్యి వేసి ఖురాన్ చదివి ఊదింది, తర్వాత వంగి బండి మీద కూడా ఊదింది. లేచి మా సారు వైపు తిరిగి, మిగిలిన రెండు మిరపకాయలు చూపించి, "మీరూ టిఫిన్ చేస్తారా?" అని అడిగింది. ఆయనకు అర్జెంటు పని గుర్తొచ్చింది.

మరునాడు మధ్యాహ్నం అతని ఫోన్ వచ్చింది. మొదటి పరుగులో మంచు మీద ఇసుక మీదలా వెనక్కి వాలి కూర్చుని, రెండో గేటు దగ్గరే పడ్డాడట. రెండో పరుగులో ముందుకు వంగాడట. "తర్వాతి గేటు చూశాను, యా నజ్జార్. అన్నీ దాటాను. తీసుకున్నారు." నేను వర్క్‌షాపులో ఎగిరి గంతేశాను. వెల్డరును ఎత్తుకున్నాను. దించిన తర్వాత గాని నా ఇకామా గుర్తు రాలేదు. సంతోషం ఒక గుటక, బెంగ ఒక గుటక తాగినట్టుంది. అన్నం తినకుండానే పని చేసుకున్నాను.

వారం తర్వాత రాజీనామా ఇవ్వడానికి వచ్చాడు. నలుగురం మోసుకుంటూ పైకి తీసుకెళ్లాం. సారు జీతం పెంచుతానన్నాడు, లిఫ్టు బాగుచేయిస్తానన్నాడు. అతను సంతకం పెట్టి, తన పాత సర్క్యులర్ల కట్టలోంచి ఒక కాగితం తీసి, మేమందరం వింటుండగా మెల్లగా చదివాడు. ఎల్లోలోనో రెడ్‌లోనో ఉన్న కంపెనీ మనుషులు గ్రీన్ కంపెనీకి మారాలంటే, పాత కంపెనీ రిలీజ్ కాగితం అక్కర్లేదు.

నాకు రెండోసారి చదివించుకుంటే గాని ఎక్కలేదు. అతను ఉన్నంతకాలం కంపెనీ గ్రీన్, మేము ఖైదు. అతను పోతే కంపెనీ ఎల్లో, మాకు తలుపు తెరుచుకుంటుంది. సారు భయం మా ఇకామాల గురించి కానే కాదు. తలుపుల కిర్రు మాన్పేవాడు పోతాడని. ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కంప్యూటర్లోకి చూశాడు.

మెట్లు దిగుతూ అతని మీద విరుచుకుపడ్డాను. "ముందే తెలుసా నీకు? నాలుగు నెలలు నాకు నిద్ర లేదు!"

"ముందే చెబితే నువ్వు ఆ సాయంత్రమే మీ సారుకు చెప్పేసేవాడివి" అన్నాడు.

మిగతా ముగ్గురూ కుర్చీ వదిలేస్తారేమోనన్నంతగా నవ్వారు. నిజమే కాబట్టి నాకింకా కోపమొచ్చింది. మొదటి అంతస్తు దగ్గర కోపం పోయింది.

కంపెనీ రంగు మారడానికి కొన్ని వారాలు పట్టింది. గడువుకు తొమ్మిది రోజులుందనగా నా ఇకామా దమ్మామ్ సోఫా కంపెనీకి మారింది. వెల్డరూ డ్రైవరూ కూడా తలోచోటా కుదిరారు. పెయింటరును మాత్రం ఏ గ్రీన్ కంపెనీ తీసుకోలేదు. ఫైనల్ ఎగ్జిట్ మీద, అన్నీ వదులుకుని, చిట్టగాంగ్ వెళ్లిపోయాడు. ఆ దిబ్బ మీద రంగులన్నీ అతను వేసినవే. ఈ కథ ఎవరికి నవ్వుతూ చెప్పినా అతని దగ్గరికి వచ్చేసరికి నా నవ్వు ఆగుతుంది. తప్పు ఎవరిదో తెలియదు గాని, బాధ నాదే.

మరుసటి చలికాలం మా సౌదీ కుర్రాడు ఒక వీడియో పంపాడు. ఎక్కడో నిజమైన కొండ, నిజమైన మంచు, నేను చేసిన తొట్టి. చివరి నుంచి మూడోవాడిగా వచ్చాడు. అది నేను పట్టించుకోలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. గాలి హోరులో అతని గొంతు. దాపటా, ఎల్పటా, దాపటా. అక్కడివాళ్లు ఏదో ప్రార్థన చదువుకుంటున్నాడని అనుకున్నారట. మా ఊళ్లో ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ మాటలు అరిచేవాడు లేడు, వినే ఎద్దూ లేదు. సోఫాల మధ్య నిలబడి ఏడ్చాను, సిగ్గుపడకుండా.

తర్వాత కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చూశాను. ఐదో గేటు దగ్గర దాపట అని అరిచి ఎల్పటకు తిరిగాడు. అప్పటికప్పుడు ఫోన్ చేసి తిట్టాను.